అమ్మనడిగి చెప్తాను

రాజోలు,
ఆగస్టు, 2001.

కువైట్‌లో ఉన్న అమ్మకి,

నీ కొడుకు క్రాంతి నమస్కారాలు. దేవుడి దయవల్ల ఇక్కడ నేనూ అమ్మమ్మా బాగున్నాం. అక్కడ నీ ఒంట్లో కులాసాగా ఉందని తలుస్తున్నాను. అమ్మమ్మకి మోకాళ్ల నొప్పి తగ్గలేదు కానీ, ఆ నొప్పి గురించి చెప్పే ఓపిక మాత్రం పెరిగింది.

"మిమిక్రీ మానేశావట, మరి స్టేజీ ఎక్కి ఏం చేస్తున్నావురా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. సినిమా హీరోల గొంతులు చేసినన్నాళ్లూ జనం ఆ హీరోలకే చప్పట్లు కొడుతున్నారనిపించేది. నా గొంతుతో, మన సంగతులే చెబితే నవ్వుతారా అని చూడాలనిపించింది. ఇప్పుడు వేషం లేదు, పాట లేదు, పక్కన ఇంకో మనిషి లేడు. మైకు ముందు నిలబడి మాట్లాడతాను, అంతే.

రాజోలులో మొదటిసారి ఎవరూ నవ్వలేదు. ప్రోగ్రాం పెట్టించిన దొరబాబుగారు స్టేజీ పక్కకి వచ్చి, "ఉపన్యాసం ఎప్పుడైపోద్దండీ? కామెడీ ఎప్పుడు మొదలెడతారు?" అని అడిగారు. గ్యాసు బావులున్న తాటిపాకలో మాత్రం, "గ్యాసు మన కాళ్ల కిందే ఉందండీ. సిలిండరు కోసం క్యూలో నిలబడేదీ ఆ కాళ్లేనండీ" అన్నాను. గొల్లుమన్నారు. అదే మాట కపిలేశ్వరపురంలో చెబితే ఒకాయన లేచి, "నిజవే కదండీ" అనేసి కూర్చున్నాడు. ఒకే మాట ఒక ఊళ్లో నవ్వూ, ఇంకో ఊళ్లో నిజమూ ఎలా అవుతుందో నాకింకా అంతుపట్టలేదు. అది తెలుసుకోడానికే తిరుగుతున్నాననుకో.

ఇక ఇంతసేపూ రాయలేకపోయిన సంగతి. నీ మీద కూడా చెబుతున్నానమ్మా. మిమిక్రీ మానేసినా నీ గొంతొక్కటి మానలేకపోయాను. శుక్రవారం ఫోను చేసి, "నాకేంరా, ఏసీలో ఉన్నాను, మహారాణిలా చూస్తున్నారు" అంటావు. ఇంతలో వెనకనుంచి మీ మేడమ్ కేకేస్తుంది. "అదిగో, భోజనానికి పిలుస్తున్నారు" అని పెట్టేస్తావు. ఇది చెప్పినప్పుడల్లా ఆడవాళ్లు పొట్ట పట్టుకుని నవ్వుతారు.

అమలాపురంలో ప్రోగ్రాం అయ్యాక అచ్చాయమ్మగారని ఒకావిడ నా దగ్గరికి వచ్చారు. చాలా ఏళ్లు మస్కట్‌లో నీలాగే ఇంటిపని చేసి వచ్చారట. అందరితోపాటు ఆవిడా నవ్వారు.

"గొంతు బాగా దింపేవు బాబూ. మరి ఫోను పెట్టేసేక మీ అమ్మేం చేత్తాదో చెప్పలేదేం?"

"నాకు తెలీదండీ. ఏం చేస్తుందండీ?"

"నన్నడుగుతావేంటి? ఆవిణ్ణడుగు" అని వెళ్లిపోయారు.

మొన్న కొత్తపేటలో మేడమ్ కేక దాకా చెప్పి ఆగిపోయాను. మైకు పాడైందనుకుని ఆపరేటరు వచ్చి దాన్ని తట్టాడు. జనం నవ్వారు.

"మైకు బాగానే ఉందండీ. ఫోను పెట్టేశాక మా అమ్మేం చేస్తుందో నాకు తెలీదు. అమ్మనడిగి చెప్తాను" అన్నాను.

ఈసారి ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీల్లోంచి ఒకావిడ, "ఆయ్, అడిగి చెప్పండి. మేవూ ఇంటాం" అంది.

అప్పట్నుంచి నీ ఫోను సంగతి ఎక్కడా చెప్పడం లేదు. దొరబాబుగారికి అదే కావాలట. లేకపోతే రాజమండ్రి ప్రోగ్రాం ఇంకొకరికి ఇస్తానన్నారు. ఇచ్చుకోమన్నాను. కోపమొస్తే తిట్టు, వద్దంటే ఇక ఎప్పటికీ చెప్పను. కానీ ఈసారి ఏసీ సంగతి రాయకు. మేడమ్ పిలిచాక, ఫోను పెట్టేశాక, ఏం చేస్తావో అది రాయి. స్టేజీ మీద చెప్పుకోడానికి కాదమ్మా. నాకు తెలియాలి.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే నీ కొడుకు,
క్రాంతికుమార్.