టేకు మధ్యలో కాలింగ్ బెల్

అమ్మా,

మొన్ననే నీ సంవత్సరీకం అయింది. ఇవాళ ఒక సినిమాలో హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పడానికి నా గొంతు శాంపిల్ పంపాలి. నువ్వు డబ్బింగ్ స్టూడియోలో చేసినట్టే, చప్పుడు కాకుండా గాజులు తీసి పక్కన పెట్టాను. మన ఫిల్మ్‌నగర్ ఇంట్లో నీ పట్టుచీరల బీరువా తెరిచి మైకు అందులో పెట్టాను. చీరల మధ్య గొంతు మార్మోగదు.

చనిపోయిన తల్లి పక్కన కూతురు ఏడ్చే సీను. ఏడుపు పతాకస్థాయికి చేరేసరికి కాలింగ్ బెల్! పొద్దుటినుంచీ రాని పార్సిల్ అప్పుడే రావాలా? పైగా అందులో ఉన్నవి బయటి చప్పుడు ఆపే ఫోమ్ షీట్లు!

కడిగిపారేద్దామని తలుపు తీశాను. డెలివరీ ఆయన హెల్మెట్ తీసి, తల దించుకుని నిలబడ్డాడు.

"బెల్లు కొట్టాల్నా వద్దా అని జర సేపు ఆగిన తల్లీ. ఎవరు పోయిన్రు?"

"మా అమ్మ," అన్నాను. అబద్ధమేం కాదుగా.

"డైరెక్టర్ మెచ్చుకుంటే చాలదే, టీ తెచ్చే మనిషి గుమ్మంలో ఆగిపోవాలి" అనేదానివి. ఆగాడమ్మా.

ఇంకో టేకు చెప్పలేదు. బెల్లుతో సహా అదే పంపాను.

నీ కూతురు