కింద ఉన్నది మా అన్న చెరువు

హాషిమ్ నాన్నకు,

సలాం. దేవుడి దయవల్ల ఇంట్లో మనుషులమంతా కులాసా. కువైట్ ఎండల్లో మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ముందు మీరడిగినవాటికి జవాబులు. అత్తయ్య మోకాలు నయం, బజారుకు తనే నడిచి వెళుతున్నారు. హాషిమ్‌కి ముందు పన్ను ఊడింది. బుల్తీ చేపలు అరచేయంత అయ్యాయా అని అడిగారు. అయ్యాయి. ఆ మాట అంతటితో ఆపేయాలని ఉంది కానీ కుదరదు.

చేపలు ఎండకు చచ్చాయని మీ తమ్ముడు రగబ్ ఫోన్‌లో చెప్పాడు. ఎండ ఒక్కటే కాదు. వడగాడ్పులు వీచిన వారంలో ఒక పొద్దున చేపలన్నీ గట్టువారకు చేరి, పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయి. కళ్ళు ఉబ్బాయి, పొట్టల మీద ఎర్రటి మచ్చలు. చేపల డాక్టరమ్మ వచ్చి కొన్నిటిని కోసి చూశారు.

"ఇది అంటుకునే జబ్బు, మందుతో పోయేది కాదు. మేత ఆపండి. చచ్చినవి ఎప్పటికప్పుడు తీసి సున్నం చల్లి పాతిపెట్టండి. ఈ వల చేపపిల్లల చెరువులో పెట్టకండి. అన్నిటికంటే ముందు తూము మూయండి. ఒక్క చుక్క కాలువలోకి పోకూడదు" అన్నారు.

ఆమె బండి మలుపు తిరిగిందో లేదో, రగబ్ గడ్డపార తీసుకుని తూము దగ్గరికి నడిచాడు. పాత నీళ్ళు వదిలి కొత్తవి పెడితే సగమైనా బతుకుతాయని అతని ఆశ. నేను వెనకే పరిగెత్తి తూము పలకల మీద కూర్చున్నాను.

"లే వదినా."

"లేవను. మనం వదిలిన నీళ్ళే కదా కిందివాళ్ళు పెట్టుకునేది."

"కింద ఉన్నది మీ అన్న షహాతా చెరువని నాకు తెలీదా?"

"మా అన్న తర్వాత కాలువ పొడుగునా ఎన్ని చెరువులున్నాయో అది కూడా తెలుసు కదా."

"వాళ్ళ కోసమే అయితే ఇలా కూర్చునేదానివా? ఒట్టేసి చెప్పు."

ఒట్టు వేయలేదు. లేవనూ లేదు. గడ్డపార గట్టు మీద విసిరేసి పోయాడు.

మీరు చెమటోడ్చి తవ్వించిన పెద్ద చెరువులో ఒక్క చేపా మిగల్లేదు. రగబ్‌ను తప్పు పట్టకండి. పాతిపెట్టినచోట కుక్కలు తవ్వకుండా ముళ్ళకంప వేసింది అతనే, ఏడుస్తూనే వేశాడు. పిల్లల చెరువు మటుకు దక్కింది. కాలువ కింద ఎవరి చెరువులోనూ జబ్బు కనబడలేదు.

మొన్న అన్నయ్య గంపెడు చేపలు తెస్తే అత్తయ్య గుమ్మంలోనే అడ్డుపడ్డారు. "పుట్టింటి చేపల కోసం మెట్టింటి చేపల్ని మట్టిలో పెట్టింది నీ చెల్లెలు. వీటిని కూడా నీ ఇంట్లోనే వండుకో, పో" అన్నారు. అన్నయ్య గంప ఎత్తుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి అత్తయ్య నా చేతి వంట ముట్టడం లేదు.

ఎవరికీ చెప్పనిది మీకు చెబుతున్నాను. రగబ్ మాట నిజమే. డాక్టరమ్మ కాలువ పేరెత్తగానే నాకు ఆ కాలువ మీద బతికే జనమంతా గుర్తుకు రాలేదు. మా అన్న పిల్లలే గుర్తొచ్చారు. కింద పరాయివాళ్ళే ఉంటే అలా కూర్చునేదాన్నో, గడ్డపార నేనే అందించేదాన్నో తెలియదు. మంచి పని చేశావని ఊళ్ళోవాళ్ళు అంటుంటే తల దించుకుంటున్నాను.

నీళ్ళు కాలువలోకి వదలకుండానే చెరువు ఎండగట్టి సున్నం వేశాం. మళ్ళీ చేపపిల్లల్ని వదలాలా వద్దా అన్నది మీరు చెప్పాలి. నన్ను తిట్టాలనిపిస్తే ఫోన్‌లో వద్దు, అత్తయ్య పక్కనే కూర్చుని వింటారు. రాయండి. తిట్లయినా నేనొక్కదాన్నే చదువుకుంటాను.

ఇట్లు,
హాషిమ్ అమ్మ,
ఇంతిసార్