తప్పు మందు ఎక్కిన రోజు

బుజ్జితల్లికి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మేమందరం కులాసాగానే ఉన్నాం. నువ్వూ వేళకు తింటూ ఆరోగ్యంగా ఉన్నావని తలుస్తాను. నాన్న మోకాలు ఎలా ఉందని అడిగావు. మెట్లెక్కేటప్పుడు మూలుగుతారు, క్యారమ్స్‌కి పిలిస్తే మాత్రం పరుగెత్తుకొస్తారు. తమ్ముడు నీ గది ఆక్రమించేశాడు. నీ పుస్తకాలకేం ఢోకా లేదులే, వాడికీ పుస్తకాలకీ పడదుగా.

నర్సింగ్ ట్రైనింగ్‌లో సూది పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయని రాశావు. "ఇన్నేళ్లుగా మత్తు డాక్టరువి, నీకు భయం వేయలేదా అమ్మా?" అన్నావు. ఈ మధ్య రెండు వారాలు ఫోన్‌లో ముక్తసరిగా మాట్లాడి, తలనొప్పి అన్నానే, అది అబద్ధం. భయపడే అసలు సంగతి దాచాను.

రెండు వారాల కిందట ఒక సోమవారం, ఒక దర్జీ ఆవిడకు పిత్తాశయంలో రాళ్లు తీయాలి. ట్రేలో రెండు సిరంజిలున్నాయి. ఒకటి వాంతులు రాకుండా ముందే ఇచ్చేది. రెండోది నిద్రపోయాక కండరాలు సడలడానికి ఇచ్చేది. పేరు చదవకుండా రెండోది ఎక్కించాను. జాకెట్ల కొలతల గురించి చెబుతున్న మనిషి మాట మధ్యలో ఆగిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి. స్పృహ ఉంది, ఊపిరి లేదు.

"తప్పు మందు ఇచ్చాను. ఇంకో డాక్టర్ని పిలవండి," అని అందరికీ వినపడేలా చెప్పి, మాస్కు పెట్టి ఊపిరి అందించాను. నర్సు వెంటనే నిద్రమందు ఎక్కించింది. "మీకు వినపడుతోందని తెలుసు. మీ ఊపిరి నేను చూసుకుంటున్నాను," అని ఆవిడ చెవిలో చెబుతూనే ఉన్నాను. ఆపరేషన్ వాయిదా వేశాం. విరుగుడు ఇచ్చి, కండరాలకు బలం తిరిగొచ్చాకే నిద్రలేపాం. ఇప్పుడు ఆ మందుకు వేరే ట్రే పెట్టాం. నేనూ నర్సూ ఇద్దరం పేరు పైకి చదివాకే ఏదైనా ఎక్కిస్తాం.

"ఆవిడ ఒంటికి మందు పడలేదని చెప్పేద్దాంలెండి," అన్నాడు ఆ రోజు తోటి డాక్టరు. ఒక్క క్షణం నాకూ ఆశ పుట్టింది తల్లీ. జరిగిన తప్పు కన్నా ఆ ఆశ గురించి నీకు చెప్పడానికే ఎక్కువ సిగ్గేసింది.

ఆ సాయంత్రం ఆవిడ మంచం పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. అంతా విని ఆవిడ అంది:

"బతికుండగానే పాతిపెట్టినట్టయిందండీ. ఈసారి మత్తు ఇంకో డాక్టరు ఇవ్వాలి."

"అలాగేనమ్మా."

"మీరు మాత్రం పక్కనే ఉండండి. ఊపిరాగినప్పుడు నాకు దిక్కైంది మీ గొంతొక్కటే."

నిన్న ఆపరేషన్ బాగా జరిగింది. నేను సిరంజి ముట్టుకోలేదు. ఆవిడ చేయి పట్టుకుని, నిద్రపట్టేదాకా నీ కబుర్లే చెప్పాను.

ఇట్లు,
నీ మీద బెంగతో,
అమ్మ