ఎడమచేత్తో నీళ్లు తాగాడు

వెర్నక్కా, ప్రభువు నిన్ను కాచుగాక. నిన్న బేస్‌బాల్ ఆటలో నీ ఎల్డన్ విసిరిన బంతిని చివరిదాకా ఒక్కడూ కొట్టలేకపోయాడు. అలా సాగుతున్నప్పుడు పలకరిస్తే అదృష్టం పోతుందని, విసిరేవాడితో ఎవరూ మాట్లాడకూడదని ఈ ఆటగాళ్ల పట్టింపు. బెంచీ చివర వాణ్ణి ఒంటరిగా వదిలేశారు. వాడు నీళ్లు ఎడమచేత్తో తాగడం నేనొక్కడినే చూశాను. కుడి మోచెయ్యి ముడుచుకోవడం లేదక్కా. ఆట ముగిశాక గద్దిస్తే, "కోచ్‌తో అన్నావంటే నీ ప్రార్థన కూటానికి రాను మామయ్యా! ఆదివారం నేను విసిరి గెలిపిస్తే ఫైనల్సే" అన్నాడు. యుద్ధంలో మోషే ఎత్తిపట్టిన చేతులు బరువెక్కితే పట్టుకోవడానికి ఇద్దరున్నారు, వీడికెవరున్నారు? ఆ చెయ్యి ఆదివారంతో పోతుందేమో. మోచేతికి రాసుకోవడానికి వాడు నిన్నడిగిన తైలం సీసా పంపకు. శనివారం బస్సుకి నువ్వే రా. ఆవును పక్కింటివాళ్లు చూసుకుంటారా? తల్లి మాట్లాడకూడదన్న పట్టింపు ఇక్కడెవరికీ లేదు. దేవుడు నీకు తోడుండుగాక.

నీ తమ్ముడు హార్లన్, పియోరియా