తులసికోటలో దిగిన కొమ్మ

అక్టోబరు 12

గట్టిగా మాట్లాడటం నాకు రాదు. మాట్లాడబోతే గొంతు వణుకుతుంది. స్వామికి చెప్పుకుంటే వింటాడు గానీ ఊ కొట్టడు. అందుకే ఇన్నాళ్ళకు కలం పట్టాను.

ఈ ఇంటి పెరట్లో ఉన్నవన్నీ అత్త నాటినవే. నా ముచ్చట కొద్దీ నేను నాటుకున్నది ఒక్కటే — ముళ్ళు లేని బ్లాక్‌బెర్రీ. నిరుడు విశాఖ నర్సరీ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. ఈ రోజు దానికి తీర్పు అయిపోయింది.

"ఏడాదై నీళ్ళు తాగతన్నాది. ఆకే గానీ కాయేదే? కార్తీకం ఎల్లగానే కొట్టీసి ఆనపపాదు ఎట్టీస్తాను" అంది అత్త.

సరే అత్తా అన్నాను. లోపల సరే కాదు.

అక్టోబరు 14

నర్సరీ అతనికి ఫోన్ చేశాను. మొదటి ఏడు తీగ పెరుగుతుందట. రెండో ఏడు ఆ తీగకే కాయలు. కాసిన తీగ ఇక ఎండిపోతుంది, దాన్ని కోసెయ్యాలి. కాయనిదాన్ని ఉంచాలి.

అత్తకు చెప్పాను, మెల్లగా.

"కాసినదాన్ని నరికీమన్నాడా? కాయనిదాన్ని మేపమన్నాడా?"

"అవునత్తా."

"ఆడింట్లో పెద్దోళ్ళు ఎవులూ నేరేటే?"

ఈయనకు నవ్వొచ్చి పొలమారింది. ఫ్యాక్టరీలో అందరి మీదా అరిచే మనిషి. అమ్మ ముందు నోరు అన్నానికే తెరుస్తారు.

అక్టోబరు 19

ముళ్ళు లేవని కొన్నాను, ఎవరి చేతులూ గీరుకోవని. ముళ్ళు లేవన్న సంగతి పక్కింటి పైడమ్మ మేకలకూ తెలిసింది. దాంతో ఈయన మొక్క చుట్టూ తుమ్మకంప పాతారు. ముళ్ళు లేని మొక్కకు నీళ్ళు పొయ్యాలంటే ఇప్పుడు ముళ్ళు దాటాలి. గళ్ళ చీర కొంగు పోయింది.

అక్టోబరు 21

ఒక తీగ బాగా సాగి తులసికోట మీదికి వాలింది. కొస మట్టికి తగిలితే అక్కడే వేరు పోస్తుందని నర్సరీ అతను అన్నాడు... దీపం పెట్టి చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

అక్టోబరు 22

చేసేశాను. అత్త స్నానానికి వెళ్ళగానే కొస వంచి, కోట మట్టిలో గుచ్చి, పైన రాయి పెట్టాను. అమ్మా తులసమ్మా, కాస్త జాగా ఇయ్యి. తప్పయితే నన్ను అను. మొక్కను అనకు.

నవంబరు 3

తులసి పూజ. అత్త కోటకు పసుపు రాసింది. రాయి కనబడితే దానికీ రాసి బొట్టు పెట్టింది. నేను పాట అందుకున్నాను. ఇంత గొంతు నాకుందని ఈ రోజే తెలిసింది.

నవంబరు 24

కార్తీకం వెళ్ళింది. పొద్దున్నే అత్త కత్తి పట్టుకుంది. ఒక్కో తీగనూ దగ్గరికి లాక్కోవడం, మొదట్లో వేటు వెయ్యడం. వంటింట్లో వంకాయలు తరుగుతూ నేను స్వామి పేర్లన్నీ తలుచుకుంటున్నాను. చివరి తీగ లాగితే రాలేదు. మళ్ళీ లాగింది.

"ఓలమ్మ... ఇది కోటలో దిగిపోనాది."

కత్తి కింద పెట్టేసింది. తులసమ్మ పట్టుకున్నదాన్ని మనం కొట్టకూడదట. చెంపలు వేసుకుంది, నన్నూ వేసుకోమంది. నేను రెండుసార్లు వేసుకున్నాను.

ఆనప గింజలు అటుపక్క గోడవార నాటింది.

డిసెంబరు 2

పైడమ్మ గోడ మీంచి తొంగి చూసింది. "తనంతట తనే ఎల్లిపోనాదా, పెద్దమ్మా?"

"మరెవులు ఎడతారే? మా కోడలికి గట్టిగా తుమ్మడమే రాదు."

నేను ముగ్గు వేస్తున్నాను. చుక్క పక్కకు పోయింది.

ఫిబ్రవరి 8

పువ్వులు. తెల్లగా, చిన్నగా.

"నాను సెప్పలేదేటి?" అంది అత్త. ఏం చెప్పిందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

మార్చి 15

పిందెలు గట్టిపడ్డాయి. పికిలిపిట్టలు వాసన పట్టేశాయి. అత్త తన మంచం దోమతెర విప్పి తెచ్చి కొమ్మకు కట్టింది. తెల్లారాక దోమలు కుట్టాయని ఈయన మీద విసుక్కుంది.

ఏప్రిల్ 6

ఎరుపు పోయి నలుపు వచ్చింది. పండి నల్లబడిందో, రోడ్డు దుమ్ముకు నల్లబడిందో! తొలి పండు శ్రీకూర్మం స్వామికని అత్త ఎప్పుడో అనేసింది. రుచి చూస్తే గానీ పండిందో లేదో తెలియదు. రుచి చూస్తే ఎంగిలి.

"నానొకటి నమిలి సెప్తాను. స్వామితో నాను మాటాడుకుంతాను" అన్నారు ఈయన.

"నువ్వు ఫ్యాక్టరీలో మాటాడుకో" అంది అత్త.

ఏప్రిల్ 11

శ్రీకూర్మం వెళ్ళొచ్చాం. బస్సులో అత్త ఒళ్ళో స్టీలు డబ్బా. ఎవరి మోచెయ్యి తగిలినా ఒక చూపు చూసింది.

"ఇదేం పండమ్మా?" అన్నారు పూజారిగారు.

"తులసమ్మ కాసిన పండు, బాబూ."

ఆయన నావైపు చూశారు. నేను నేల చూశాను. కూర్మస్వామి ముందు నిలబడితే తల లోపలికి లాక్కోవాలనిపించింది.

ఇంటికొచ్చి ప్రసాదం తలా కాస్త. ఈయనకు ఒక కన్ను మూసుకుపోయింది. పైడమ్మ భుజాలు ఎగిరాయి. అత్త నెమ్మదిగా నమిలి, "తియ్యగున్నాది" అంది. తియ్యగా ఉందన్నాం అందరం. నా ముక్క చింతపండుకంటే పులుపు. అయినా నాది. కొంగుతో కళ్ళు తుడుచుకుంటుంటే అత్త, "భక్తి" అని పైడమ్మకు చూపించింది.

ఏప్రిల్ 20

పైడమ్మ తన చుట్టాలను తీసుకొచ్చింది. కొమ్మకు పసుపుతాళ్ళు కట్టారు. అత్త కోట పక్కన కుర్చీ వేయించుకుంది. "నాను కత్తెత్తేసరికి సెయ్యి గాల్లో ఆగిపోనాది" అని చెబుతోంది. నిన్నటి కథలో సెయ్యి ఆగింది, అంతే. ఈ రోజు కథలో కొమ్మ మూలిగింది కూడా.

ఆమె ఇంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

మే 1

కొమ్మ మొదట్లో ఆకులు పసుపు తిరుగుతున్నాయి. వెంటనే నర్సరీ అతనికి ఫోన్ చేశాను.

"కాసిన తీగ కదమ్మా, దాని పని అయిపోయింది. కోసెయ్యండి. ఎండేదాకా ఉంచితే పురుగు పట్టి కొత్త పిలకలకూ పాకుతుంది."

పిలకలు ఉన్నాయి. లేతగా, మొదట్లోంచి. వచ్చే ఏటి కాయలన్నీ వాటిలోనే. వాటిని బతికించాలంటే తాళ్ళు కట్టిన కొమ్మ కొయ్యాలి. ఎవరు కోస్తారు? కోస్తే పాపం నాది. కొయ్యకపోతే తులసమ్మ పట్టుకున్న కొమ్మ నలుగురి ముందూ ఎండుతుంది. ఇంటికి అరిష్టమంటారు, అత్త ఆ కుర్చీలోంచి ఇక లేవలేకపోతుంది. నిజం చెబితే... అప్పుడూ లేవలేకపోతుంది.

మే 4

రోజూ అందరికంటే ముందే లేచి పసుపు ఆకులు గిల్లి కొంగులో వేసుకుంటున్నాను. పచ్చవి తగ్గిపోతున్నాయి.

మే 6

"ఒసే, కొమ్మ పలసబడినట్టున్నాది. ఇలగొచ్చి సూడు."

"ఎండ కదత్తా."

"మరి నా ఆనపపాదుకి నేదా ఎండ?"

నీళ్ళు తెస్తానని లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. పుస్తకమా, నిన్ను చింపను. చింపితే తులసమ్మకూ నాకూ తప్ప సంగతి ఎవరికీ తెలియకుండా పోతుంది, అంత భారం నేను మొయ్యలేను. బీరువాలో పట్టుచీరల కింద పడి ఉండు. ఎవరి కంటా పడకు. అత్త కంట అసలే పడకు.

కొమ్మ కోద్దామని పొద్దున్న తీసిన కత్తెర ఇంకా కొంగులోనే ఉంది. అత్త కుర్చీ కొమ్మకు ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటున్న చప్పుడు.