బండికి పలుపు

మార్చి 3, సోమవారం.

ఎండ. ఆకు కదలడం లేదు. రంజాను నెల, సహరీ భోజనం తర్వాత మళ్లీ పడుకోలేదు. అర బకెట్టు నీళ్లతో బండి తుడిచాను. ముందు అద్దాలు, తర్వాత బానెట్టు, చివర చక్రాలు. మిగిలిన నీళ్లు గేటు పక్క కరివేపాకు చెట్టుకు పోశాను.

గుడ్డ పిండుతుంటే వదినమ్మ మెట్ల మీదికి వచ్చింది. ఓబులేసన్న పోయాక ఇంత పొద్దున బయటికి రావడం ఇదే మొదలు.

"బండి అమ్మేద్దాం మాబూ."

"సరే వదినా."

అంతే. అడగడానికి ఏముంది... బత్తాయి తోటలో రెండు బోర్లూ గాలి కక్కుతున్నాయి. ఆ చీనీ చెట్లు ట్యాంకరు నీళ్ల మీద బతుకుతున్నాయి. జర్మనీ బండి షెడ్డులో ఊరికే నిలబడి ఉంది. రోడ్డు కాంట్రాక్టు బిల్లు వచ్చిన ఏడాది కొన్నాడు ఓబులేసన్న. ఆయన డ్రైవరుగా షోరూం నుంచి తోలుకొచ్చింది నేనే. ఆ రోజు నుంచి స్టీరింగు ఇంకొకరికి ఇవ్వలేదు.

జమ లేదు. ఖర్చు: సబ్బు ఒకటి.

మార్చి 4, మంగళవారం.

తోటకు పోయాను. కింద తోట పరవాలేదు. మిట్ట తోటలో ఆకు ముడుచుకుంది, పిందె రాలుతోంది. అన్న తన చేత్తో నాటిన మొదటి చెట్లు అవే.

వదినమ్మ లెక్క ఇది: బండికి పది లక్షలు వస్తే కొత్త బోరు, వానల దాకా చెట్లన్నిటికీ ట్యాంకర్లు. తొమ్మిదే వస్తే మిట్ట తోటను వదులుకోవాలి.

నేనూ వేసి చూశాను. ఆమె లెక్కే సరి.

మార్చి 5, బుధవారం.

ఎండ, దుమ్ము. టైర్లకు గాలి పట్టించి అనంతపురం పోయాను. బెంగళూరు రోడ్డులో పాత కార్ల డీలరు సురేంద్ర. కుర్రవాడే, మాట మర్యాద.

టీ తెప్పించాడు. ఒక్కపొద్దు అని చెప్పడం మొహమాటంగా ఉండి, వద్దన్నాను. కాసేపటికి బిస్కెట్లు తెప్పించాడు. వద్దన్నాను. కూల్‌డ్రింకు.

"ఏమన్నా, ఏదీ ముట్టవు. బేరం ఇష్టం లేదా ఏమి?"

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. పాపం, తల కొట్టుకున్నాడు. "ముందే చెప్పొద్దా! నీ మొగం చూసి నేను రేటు మనసులోనే పెంచుతాండా." ఇద్దరం నవ్వుకున్నాం.

రంగు మందం చూసే చిన్న మిషనును బండి చుట్టూ ఆనించుకుంటూ పోయాడు. ఎడమవైపు వెనక డోరు దగ్గర ఆగాడు.

"ఈడ మళ్లా రంగు కొట్టినారు."

"అవును. గీసుకుంది."

బెంగళూరు ఆసుపత్రి గేటు దగ్గర. వెనక సీట్లో అన్న... వదినమ్మ ఒడిలో తల. అదంతా అతనికెందుకు.

ఎనిమిదిన్నర అన్నాడు. "ఇది కొనేది కాదన్నా కష్టం, సాకేది. ఇట్లాంటి బండి ఈడ ఎవరు కొంటారు? ఏనుగును తెచ్చి అంగడి ముందర కట్టేసుకున్నట్ల." పదికి తక్కువ కాదన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

చివర్లో అడిగాడు. "రెండో కీ ఉండాది కదా?"

అడిగి చెప్తానన్నాను.

మార్చి 6, గురువారం.

అడిగాను. వదినమ్మ బియ్యం చెరుగుతోంది. తల ఎత్తలేదు.

"ఒకటే ఉండాది."

నా జేబులో ఉండేది ఒకటి. అన్న దగ్గర ఉండేది ఇంకొకటి. తాళం జేబులో మరిచిపోయి చొక్కా ఉతుక్కు వేసేవాడు, ఆమె అరిచేది. రెండని ఆమెకు తెలుసు. నాకు తెలుసని కూడా తెలుసు.

మార్చి 8, శనివారం.

ట్యాంకరు రాలేదు. కళ్యాణదుర్గం వైపు ఎవరిదో పెళ్లికి పోయిందట. మిట్ట తోటకు ఈరోజు నీళ్లు లేవు.

మార్చి 9, ఆదివారం.

ఎండ. బండి స్టార్టు చేసి కాసేపు ఉంచి ఆపాను.

సురేంద్ర ఫోను. తొమ్మిది దాకా వస్తాడట, అంతకు మించి చేతకాదట. "బెంగళూరులో మంజన్న అని ఉన్నాడు. పెద్ద బండ్లన్నీ ఆయన కాడికే పోతాయి. నెంబరు పంపిస్తా. నాకు కమిషనేమీ వద్దులే." తర్వాత గొంతు తగ్గించాడు. "అన్నా, డిక్కీలో చీనీ ఆకులు చూసినా. తోట ఎండుతాండాదని ఆయనకు మాత్రం చెప్పొద్దు. అవసరం తెలిస్తే రేటు తెగ్గొడతారు. నేనైనా అంతే చేస్తా."

"నీకెట్లా తెలుసు ఎండుతోందని?"

"మాకూ ఉండె అన్నా చీనీ తోట. కొట్టేసినాం. ఆ ఆకు చూస్తే తెలియదా."

పెట్టేసే ముందు ఇంకో మాట అన్నాడు. "బండి పోతే నువ్వేం చేస్తావు? మా కాడికి వచ్చేయ్. బండ్లు తోలేకి నమ్మకమైన మనిషి కావల."

ఆలోచిస్తా అన్నాను. ఇంతవరకు ఆ ఆలోచనే రాలేదు నాకు. అమ్ముతున్నది నా పనిని కూడా.

డిక్కీ దులిపాను. ఆకులు పోయాయి. వాసన పోలేదు.

మార్చి 11, మంగళవారం.

మబ్బు లేని ఎండ. బండి రెండుసార్లు తుడిచాను. మంజన్న వస్తాడని.

మధ్యాహ్నం దాటాక వచ్చాడు. తెల్ల చొక్కా, బంగారు గడియారం. సొంతూరు చెళ్లకెర అట. తెలుగులో సగం కన్నడం. డిక్కీ ఎత్తి ముక్కు ఎగబీల్చి ఒకటే నవ్వు. "ఏనప్పా మాబన్నా! ఇంత పెద్ద గాడిలో చీనీకాయలు తోలినారా?"

నిజమే. మొదటి కాపు అన్న ఈ బండిలోనే వేయించాడు. 'మనం తినే కూడు ఏ తోటదో దీనికీ తెలియల్ల' అని. డిక్కీ మూసేశాను.

బండి కింద పడుకుని చూశాడు, తెల్ల చొక్కాతోనే. రోడ్డు మీద తోలాడు. ప్రతి గుంటకూ పక్క సీట్లో నా కాలు లేని బ్రేకును తొక్కింది. తిరిగి వచ్చేసరికి వీధి వీధంతా గేటు దగ్గర ఉంది. ఎంతకు పోతుందో వినాలని. వదినమ్మ తలుపు చాటున.

మంజన్న వాళ్లను చూశాడు, నన్ను చూశాడు. నా భుజం మీది తుడిచే గుడ్డ లాగి మా ఇద్దరి చేతుల మీద కప్పాడు.

"మా అప్ప దనాల సంతలో దళారి. నోటితో వద్దు."

అప్ప అంటే వాళ్ల నాయన. చిన్నప్పుడు నేనూ మా నాయన పక్కన నిలబడి చూసిందే, ఎద్దుల సంతలో. తువ్వాలు కింద వేళ్లు, పైన మొగాల్లో ఏమీ ఉండదు. నా చేతికి ఇది వస్తుందని నాకు తెలియదు. వేలికి లక్ష లెక్కన ఎనిమిది పట్టాడు. వదిలించుకున్నాను. ఎనిమిదిన్నర, తొమ్మిది... నేను అయిదు వేళ్లూ రెండుసార్లు పట్టి వదలలేదు. గేటు దగ్గర ఎవరో "ఏమప్పా, ఎద్దునా అమ్మేది?" అంటే అందరూ నవ్వారు. మేము నవ్వలేదు.

చివరికి అతను అయిదు వేళ్లూ పట్టాడు. మళ్లీ పట్టాడు. పది.

అప్పుడు చెవి దగ్గర అడిగాడు. "రెండో కీ?"

నేను తల అడ్డంగా ఊపాను. అతని చేతిలోంచి ఒక వేలు జారింది. తొమ్మిది.

"కోపం వద్దప్పా. కొత్త కీ జర్మనీ నుంచి రావాల, లక్ష దగ్గరికి పోతుంది. రెండో కీ ఎవరి కాడ ఉందో తెలియని బండిని నా కాడ ఎవరు కొంటారు? రాత్రి నిద్ర పడుతుందా వాళ్లకు?" అతను చెప్పింది తప్పేమీ కాదు. కీ ఉంటే పది, లేకుంటే తొమ్మిది; ఆ తొమ్మిదికైనా కీ పోయిందని పోలీసు స్టేషన్లో రాయించి తేవాలి. సోమవారం మళ్లీ వస్తాడు.

మార్చి 12, బుధవారం.

కళ్యాణదుర్గం పోయాను. స్టేషను బయట చెట్టు కింద కూర్చొని అర్జీ మొదలుపెట్టాను. 'మా కారు రెండవ తాళం' దాకా రాశాను. 'పోయినది' అని రాయడానికి చెయ్యి రాలేదు. ఒక్కపొద్దులో ఉన్నందుకు మాత్రమే కాదు.

మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను. షేరు ఆటో రానూపోనూ. డీజిలు వృథా ఎందుకని బండి తీయలేదు.

మార్చి 13, గురువారం.

ఎండ. బండి తుడిచాను. ఈరోజు మాట్లాడాను.

ఇఫ్తారుకు వదినమ్మ ఖర్జూరాలు, గంజి ఎప్పటిలా పంపలేదు, తనే తెచ్చింది. గిన్నె అరుగు మీద పెట్టి అక్కడే కూర్చుంది. తాగేదాకా ఆగింది.

"మంజన్న ఏమన్నాడు, నిజం చెప్పు."

చెప్పాను. పది, తొమ్మిది, స్టేషను, అర్జీ. జేబులోంచి తీసి చూపించాను.

చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. "బీరువాలో ఉండాది మాబూ. ఆయన కండ్లద్దాల పక్కన." కొంగు ముడి విప్పుతూ, మళ్లీ వేస్తూ... "మా నాయన సంతలో ఎద్దును అమ్మితే మెడకు కట్టిన పలుపు ఇచ్చేటోడు కాదు. విప్పుకోని భుజాన ఏసుకోని ఇంటికొచ్చేటోడు. అది కూడా ఇచ్చేస్తే ఇంక ఇంట్లో పసుల దొడ్డి నిలవదని. ఎద్దు పోయిన రోజు మేమంతా ఆ పలుపును పట్టుకోని ఏడుస్తాంటిమి. ఉత్తచేతులతో ఎట్ల నిలబడేది ఆ షెడ్డు ముందర?"

మా నాయనా అంతే. తెలిసిందే. బండికి పలుపు ఉంటుందని ఎవరికీ తోచదు, ఆమెకు తోచింది. ఆ మాట విని నవ్వేవాళ్లుంటే వాళ్లతో నాకు పని లేదు.

కానీ మిట్ట తోట...

ఎప్పుడూ ఇంత మాట్లాడలేదు నేను. అన్నాను: "పలుపు మనదే వదినా. కానీ ముకుతాడు ఎద్దుతోనే పోతుంది. అది తీసేసుకుంటే కొన్నోడు తోలలేడు, మన ఎద్దుకూ మర్యాద ఉండదు. తాళం ముకుతాడు. పలుపేదో వేరే చూడండి."

ఆమె గిన్నె తీసుకుని లేచింది. గడప దగ్గర ఆగి, "బండి పోతే నువ్వేం చేస్తావు?"

"చూసుకుంటాలే వదినా."

సురేంద్ర సంగతి చెప్పలేదు.

మార్చి 14, శుక్రవారం.

జుమ్మా నమాజుకు పోయి వచ్చాను. వదినమ్మ మాట్లాడలేదు. మాట ఎక్కువైందేమో.

మార్చి 16, ఆదివారం.

వడగాలి. బండి లోపల ఖాళీ చేశాను. టోలు చీటీలు, అన్న జీర్ణం మాత్రలు, అద్దానికి తగిలించిన తాయెత్తు. తాయెత్తు నేనే కట్టింది, తీసేశాను. వెనక సీటును తడిగుడ్డతో కాదు, పొడిగుడ్డతో తుడిచాను. చాలాసేపు తుడిచాను.

తాళం గురించి ఏమీ తెలియదు. తొమ్మిదికే సిద్ధపడాలి.

మార్చి 17, సోమవారం.

ఎండ. తెల్లారకముందే తుడిచాను. ఒక బకెట్టు నిండుగా వాడాను ఈరోజు.

మంజన్న వచ్చాడు, వెంట తోలుకుపోయే డ్రైవరు. కాగితాలు అరుగు మీద పరిచారు. వదినమ్మ బయటికి వచ్చింది. తలుపు చాటున కాదు, మెట్లు దిగి, షెడ్డు దాకా. సంతకాలు పెట్టింది. నా జేబులో తాళం నేను ఇచ్చాను, ఆమె పిడికిలి విప్పింది. తాళం. అన్నది. చొక్కా జేబులో ఉతికి ఉతికి అంచులు తెల్లబడినది.

మంజన్న దాన్ని రెండు చేతులతో తీసుకున్నాడు. బండి దగ్గరికి పోయి నొక్కి చూశాడు. లైట్లు వెలిగాయి. ఫోను తీశాడు. వదినమ్మ ఫోను మోగింది, నాకు ఇచ్చింది, చదివి చెప్పాను. పది లక్షలు పడ్డాయి.

అప్పుడు ఆమె, "మాబూ, ఆ గుడ్డ ఇట్ల ఇయ్యి."

భుజం మీది గుడ్డ ఇచ్చాను. తడి ఇంకా ఆరలేదు. దాన్ని దులిపి, నాలుగు మడతలు పెట్టి, అటూ ఇటూ చూసి... మళ్లీ నా భుజం మీదే వేసింది.

"ఇది ఈయం. ఇది మన కాడనే ఉంటాది."

మంజన్న నవ్వుతాడేమో అనుకున్నాను. నవ్వలేదు. "మా అప్ప కూడా హగ్గ, అదే పలుపు, ఇచ్చినోడు కాదమ్మా. తెలిసే కొత్త గుడ్డ తెచ్చుకున్నా" అని సంచిలోంచి తీసి డ్రైవరు చేతికి ఇచ్చాడు.

బండి వెనక్కి తీసేటప్పుడు ఆ డ్రైవరు స్తంభానికి ఎంత దగ్గరగా పోయాడో! చెయ్యి ఎత్తబోయి దించుకున్నాను. ఇంక నా బండి కాదు.

జమ రాయలేదు. అది వదినమ్మ లెక్క.

మార్చి 18, మంగళవారం.

కొంచెం మబ్బు. కురిసే మబ్బు కాదు. సహరీ అయింది. అర బకెట్టు నీళ్లు పట్టాను. గుడ్డ భుజాన వేసుకుని షెడ్డు తలుపు తీశాను.

నేల మీద నాలుగు చక్రాల చోటూ వేరే రంగులో ఉంది.

సురేంద్ర ఫోను. "ఏమన్నా, పది పట్టినావంట! నాకు కూడా నేర్పించు. ఒకటో తేదీ నుంచి వస్తావా? నీ కోసం పని ఆపి పెట్టినా." సాయంత్రం చెప్తానన్నాను. ఏం చెప్పాలో తెలియదు.

రేపు బోరు బండి వస్తుందట మిట్ట తోటకు. వదినమ్మ మెట్ల మీద నిలబడి చెప్పింది. "నువ్వు ఆడ ఉండల్ల మాబూ." రేపటి వరకేనా, ఆ తర్వాత కూడానా, అడగలేదు. నా భుజం మీది గుడ్డనే చూస్తోంది.

బకెట్టు ఇంకా చేతిలోనే ఉంది. కరివేపాకుకు ఇన్ని నీళ్లు ఎక్కువ. వీటిని మిట్ట తోటకు మోసుకుపోతాను.