మన చెరువులో సొరచేప

వేంపగుంట,
ఫిబ్రవరి 17, 2002.

శ్రీవారికి,

మీ దుర్గ నమస్కారాలు. ఇక్కడ అత్తయ్యగారు, అమ్మాయి, నేను అందరం బాగానే ఉన్నాం. మీరు అక్కడ వేళకు భోంచేస్తూ, ఆ ఎండలో తలకు గుడ్డ కట్టుకుంటూ బాగున్నారని అనుకుంటున్నాను.

మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. అత్తయ్యగారి మోకాలి నొప్పి తగ్గింది. భీమవరం డాక్టరుగారి నూనెవల్ల కాదు, ఈమధ్య ఆవిడ రోజూ చెరువు గట్టు దాకా నడవడంవల్ల తగ్గిందని నా నమ్మకం. ఎందుకు నడిచారో కింద చదువుతారు. కీర్తి లెక్కల్లో ఇంకా తడబడుతోంది, ట్యూషన్‌లో చేర్పించాను. మీరు పంపిన ఖర్జూరం సగం మేం తిన్నాం, సగం సినిమా వాళ్ళు తిన్నారు.

ఇక మీ అసలు ప్రశ్న. "చెరువు సినిమా వాళ్ళకు ఇచ్చామని ఫణీంద్ర ఫోన్లో చెప్పాడు. రొయ్యల చెరువులో సినిమా ఏంటి?" అని రాశారు. మీ తమ్ముడిని నేనూ ఇదే అడిగాను.

మనం భీమవరంలో ఒక సొరచేప సినిమా చూశాం, గుర్తుందా? కీర్తి భయపడి ఇంటర్వెల్ దాకా మీ చొక్కాలోంచి తల బయటికి తీయలేదు. ఇప్పుడు తీసింది దాని రెండో భాగం. మొదటి భాగాన్ని సముద్రంలోనే తీశారట. కెరటాలకు సొర ఎప్పుడూ ఒకవైపు ఒరిగిపోయేదట. ఈసారి ముక్కు నుంచి తోక దాకా మొత్తం కనపడాలని ప్రొడ్యూసరుగారి పట్టుదల. దానికి కదలని నీళ్ళు కావాలి. తెల్లమచ్చ జబ్బుతో రొయ్యలు పోయాక మన చెరువు ఊరికే పడి ఉంది కదా, ఫణీంద్ర గారు దాన్ని చూపించారు. పొక్లెయిన్ తెచ్చి ఒక మూల మనిషి మునిగేంత లోతు తవ్వి, నీళ్ళు పెట్టి, పటిక వేసి తేర్చారు. అవతలి గట్టు పొడుగునా నీలం గుడ్డ కట్టారు. డైరెక్టరుగారు నన్ను పిలిచి కెమెరాలోంచి చూపించారు. మన కొబ్బరిచెట్లు లేవు, మోటారు షెడ్డు లేదు. నడిసముద్రం! కన్ను తీసి చూస్తే మళ్ళీ మన చెరువే. ఎన్నిసార్లు అలా చూశానో నాకే గుర్తులేదు.

డైరెక్టరుగారి పేరు ఏసురాజు. కాకినాడ వారు. చాలా మెత్తని మనిషి. అంత భయపెట్టే సినిమాలు ఎలా తీస్తారో తెలియదు. మొదటిరోజు కాఫీలు ఇస్తూ నేను అడిగాను.

"మొదటి భాగంలో సొర చచ్చిపోయింది కదండీ? మళ్ళీ ఎలా వస్తుంది?"

"ఇది దాని తమ్ముడండి. అన్నను చంపినవాళ్ళ మీద పగ తీర్చుకోవడానికి వస్తుంది."

అత్తయ్యగారు పక్కనే చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. తల ఎత్తకుండానే, "విన్నావా ఫణీంద్రా? చేపల్లో కూడా తమ్ముళ్ళు అన్నల్ని అంతలా తలుచుకుంటున్నారు. నువ్వు మస్కట్‌కి ఫోన్ చేసి ఎన్నాళ్ళయింది?" అన్నారు. ఆ సాయంత్రమే మీకు ఫోన్ వచ్చింది. సొరచేప పుణ్యమే అది.

ఆ సొరను చేసిన మనిషి పేరు బుల్లియ్య. ఉప్పాడ దగ్గర పడవలు చేసే కుటుంబం వాళ్ళది. లోపల ఇనప చట్రం, దానిమీద ఫైబరు, ఆపైన రబ్బరు తోలు. పళ్ళు కూడా రబ్బరువే, దూరానికి మాత్రం నిజం పళ్ళలాగే ఉంటాయి. చెరువు అడుగున పట్టాలు వేసి, సొరను చక్రాల బండి మీద ఎక్కించి, గట్టు మీద నుంచి తాడుతో లాగుతారు. నోరు తెరవడానికి, తోక ఊపడానికి లోపల ఒక మనిషి బోర్లా పడుకుని మీటలు లాగాలి.

"లోపల పడుకునేది ఎవరండీ?" అని అడిగాను.

"నేనేనండి. ఇంకొకళ్ళు పట్టరు," అన్నాడు. నిజంగానే తమలపాకు కాడలా ఉంటాడు.

"మరి ఊపిరి?"

"గట్టుమీద కంప్రెసరు ఉందండి. అక్కడినుంచి పైపు. అది ఆడినంతసేపూ నాకు భయం లేదు."

ఎక్కడినుంచి లోపలికి వెళతాడు, ఎలా బయటికి వస్తాడు, అన్నీ అడిగాను. పొట్టకింద ఒక తలుపు, గొంతు వెనక ఇంకో చిన్న తలుపు. చీల లాగితే ఊడివస్తుంది. ఓపికగా అన్నీ చూపించి, చివరికి నవ్వేశాడు. "డైరెక్టరుగారు కూడా నన్ను ఇన్ని అడగలేదండీ."

ఏం చేయను, నాకు ఆగదు. సౌండు చూసే ఆయన మన దొడ్లో ముదిరిపోయిన మునగకాడలు కావాలని వస్తే కూరకనుకున్నాను. మైకు దగ్గర పెట్టి పుటుక్కున విరిచాడు. సినిమాలో ఎముకలు విరిగే చప్పుడు అదేనట! రోజూ అమ్మాయిని బడికి పంపి, వంట ముగించి, గట్టు మీదికి పరుగెత్తేదాన్ని.

హీరోయిన్ పావని గారు తణుకు అమ్మాయి. మొదటి భాగంలో హీరో చెల్లెలుగా పడవ మీద నిలబడి కేకలు వేసింది, ఆవిడే. జనానికి బాగా నచ్చిందట. ఆ హీరోకి ఇప్పుడు తీరిక లేదు, అందుకని రెండో భాగమంతా ఈ అమ్మాయి మీదే నడుస్తుంది. బట్టలు మార్చుకోవడానికి మన ముందుగది ఇచ్చాను. ఒక మధ్యాహ్నం వెళితే కంచంలో అన్నం అలాగే ఉంది.

"ఏమైందమ్మా? కూర బాగాలేదా?"

"అది కాదక్కా," అని ఏడ్చేసింది. మొదటి భాగం తీస్తున్నప్పుడు సముద్రంలో తాడు కాలికి చుట్టుకుని ఆమె మునిగిపోయిందట. గిలగిలా కొట్టుకుంటుంటే పైన అందరూ ఎంత బాగా చేస్తోందో అనుకున్నారట. అప్పటినుంచి నీళ్ళు మెడదాకా వస్తే గుండె పట్టేస్తోందట. "రేపటినుంచి ఈత సీన్లు. చెప్పకపోతే నీళ్ళలో పోతాను. చెప్తే సినిమాలోంచి పోతాను. నా పేరు ముందు పడే మొదటి సినిమా అక్కా ఇది."

"వెళ్ళి డైరెక్టరుగారికి చెప్పండి. నేనూ తోడు వస్తాను," అన్నాను.

ఇద్దరం వెళ్ళి చెప్పాం. ఏసురాజు గారు కేకలు వేయలేదు. గట్టు మీద కూలబడి చాలాసేపు నీళ్ళకేసి చూశారు. ముఖం కనపడేవన్నీ మోకాలి లోతులో తీస్తానన్నారు. ఈదేదానికి మాత్రం ఆమె ఒడ్డూ పొడుగూ ఉన్న ఆడమనిషి కావాలి. ఒకతనికి విగ్గు పెట్టి దింపితే కెమెరా ఆయనే పగలబడి నవ్వాడు. మద్రాసు నుంచి మనిషిని పిలిపించాలంటే ఆలస్యం. అప్పటిదాకా చెరువులో నీళ్ళు నిలవవు, గట్టు ఊరుతోంది.

ఈ సంగతి రాయడానికే ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నాను. నా నోటివెంట ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. "నాకు ఈత వచ్చండి," అన్నాను.

మీకు నేను ఎప్పుడూ చెప్పలేదు. మీరు అడగనూ లేదు. పోలవరం దగ్గర మా ఊళ్ళో గోదావరి మా పెరటి వెనకే. నాన్నగారు నా నడుముకు ఎండు ఆనపబుర్ర కట్టి అన్నయ్యతోపాటు నన్నూ దింపేవారు. ఎదిగాక మానిపించారు. మీ ఇంటికొచ్చాక ఇక ఆ ఊసే లేదు. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కాలవ రేవుకైనా వెళ్ళేవారు కాదట కదా.

అత్తయ్యగారికి చెప్పకుండా దిగలేదు. సంగతంతా విని ఆవిడ రెండే ప్రశ్నలు వేశారు.

"ముఖం కనపడుతుందా?"

"కనపడదండి. వెనకనుంచే తీస్తారట."

"ఏం కట్టుకుంటావు?"

"పావని గారి లాంటి చుడీదారేనండి."

"అయితే నేను గట్టు మీద కూర్చుంటాను," అన్నారు. కుర్చీ వేయించుకుని, కొంగు తలమీద కప్పుకుని, రోజూ ఎండలో కూర్చున్నారు.

పావని కోసమే దిగానని చెబితే సగమే నిజం. ఆ సొర మీదికి వస్తుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. రబ్బరని తెలుసు, లోపల బుల్లియ్య ఉన్నాడని తెలుసు. అయినా మొదటిసారి ఆ నోరు తెరుచుకుని నా వెనక వస్తుంటే డైరెక్టరుగారు చెప్పకుండానే ప్రాణం పెట్టి ఈదాను. ఒడ్డుకొచ్చి నవ్వు ఆపుకోలేకపోయాను. ఇన్నేళ్ళయినా చేతులు ఏదీ మరిచిపోలేదండి.

ఆఖరి సీను రోజున ప్రమాదం జరిగింది. నేను ముందు ఈదుతున్నాను. వెనక నీళ్ళలో ఠంగుమని చప్పుడైంది. తిరిగి చూస్తే బండి పట్టా తప్పి, సొర పక్కకు పొర్లి, నీళ్ళలోకి దిగిపోతోంది. గట్టు మీద వాళ్ళు అదీ బాగుందనుకుని కెమెరా ఆపలేదు. నేను దగ్గరగా ఉన్నాను కాబట్టి చూశాను. ఊపిరి పైపు దాని పొట్టకింద నలిగిపోయింది. అప్పటిదాకా పైకి వస్తున్న బుడగలు ఆగిపోయాయి. పొట్ట తలుపు బురదలోకి వెళ్ళిపోయింది. మిగిలింది గొంతు వెనక తలుపు ఒక్కటే.

కేక వేసి గట్టు మీదివాళ్ళకు చెప్పేంత వ్యవధి లేదు. ఊపిరి బిగబట్టి మునిగి ఆ నోట్లోకి దూరాను. లోపల చీకటి. తడుముకుంటూ వెళితే చీల దొరికింది. మొదటిసారి లాగితే రాలేదు. రెండు చేతులతో లాగాను. తలుపు ఊడి, బుల్లియ్య చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ నాకు తెలుస్తోంది. ఎలా లాగానో, ఎలా పైకి వచ్చానో సరిగా గుర్తులేదు. ఫణీంద్ర గారు చెప్పులతో సహా దూకి మా ఇద్దరినీ అందుకున్నారు.

బుల్లియ్య నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి, మొట్టమొదట అడిగింది, "రబ్బరు చిరిగిందాండీ?" అని. అందరూ ఏడుస్తూ నవ్వారు. నరసాపురం ఆస్పత్రిలో రెండు రోజులు ఉంచి పంపించేశారు. ఇప్పుడు కులాసాగా ఉన్నాడు.

సినిమా వాళ్ళు ఇంకా నాలుగు ముక్కలు తీసుకోవడానికి ఊళ్ళోనే ఉన్నారు. ఫిల్ము మద్రాసు వెళ్ళి కడిగించుకుని వచ్చాక ఏసురాజు గారు, పావని మన ఇంటికి వచ్చారు. అదంతా కెమెరాలో పడిందట. "హీరోయిన్ తనంతట తాను సొర నోట్లోకి దూరి మనిషిని బయటికి లాగుతుందండి. ఇలాంటి సీను రాయాలని నాకు తట్టలేదు. కథ మార్చుకుంటాను, మీరు ఉంచమంటే," అన్నారు. "కానీ పైకి లేచినప్పుడు ఒక్క క్షణం మీ ముఖం పడింది. జుట్టు సగం కప్పింది. తెలియనివాళ్ళు పావని అనుకుంటారు. మీ వాళ్ళు గుర్తుపడతారు. వద్దంటే ఇప్పుడే తీసేస్తాను."

"నాకు ఉంచాలనే ఉందక్కా," అంది పావని.

ఫణీంద్ర గారు లేచి నిలబడ్డారు. "వదినగారూ, భీమవరంలో మన చుట్టాలంతా చూస్తారండి. అన్నయ్య ఏమంటాడో."

అందరం అత్తయ్యగారి వైపు చూశాం. ఆవిడ, "నేను కాపురానికొచ్చిన కొత్తలో సినిమాకు తీసుకెళ్ళారు. హాల్లో ఆడవాళ్ళ ముందు గుడ్డ కట్టించారు. దాని సందులోంచి సగం బొమ్మే చూశాను," అన్నారు. "అన్నయ్య ఏమంటాడో అన్నయ్యను అడుగుదువుగాని. ముఖం దానిది. దాన్ని చెప్పనీ."

నేను ఉంచమన్నాను.

మీ జవాబు వచ్చేదాకా ఆగమని అడిగితే ఏసురాజు గారు ఆగేవారే. నేను అడగలేదు. దానికి మీకు కోపం వస్తే కోపంగానే రాయండి, చదువుతాను. తీసేయమని మాత్రం రాయకండి.

సినిమా వేసవిలో వస్తుందట. మస్కట్‌లో ఆడుతుందో, క్యాసెట్టే రావాలో తెలియదు. ఆ క్షణం నేను ఇంకా చూడలేదు. నీళ్ళలోంచి పైకి వచ్చినప్పుడు భయపడ్డానో, నవ్వానో, ఏడుస్తున్నానో నాకు గుర్తులేదు. అడిగితే ఒక్కొక్కరూ ఒక్కో మాట చెబుతున్నారు. నాకంటే ముందు మీరు చూస్తే నా ముఖం ఎలా ఉందో ఉన్నదున్నట్టు రాయండి. మీరు చెబితే నమ్ముతాను.

ఇట్లు,
మీ ఇల్లాలు,
దుర్గాశ్రీ